కింది పొలం ఎలా ఉంది?

నా చిన్నప్పుడు నేను చాలా లెక్కలు తప్పాను. అయితే కూడికలో గాని భాగహారంలో గాని ఒక్క పొరపాటు లేకుండా, రెండుసార్లు సరిచూసుకుని, స్కేలు పెట్టి గీతలు గీసి మరీ తప్పిన లెక్క ఒక్కటే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఇప్పుడు ముప్పై అయిదు దగ్గర పడుతున్నాయి. ఆ లెక్క అంకెలతో సహా నాకింకా కంఠస్థమే.

మా అమ్మ లెక్కల టీచరు. రెండు వేల మూడులో న్యూ మెక్సికో ఎడారిలోని ఒక చిన్న ఊరి స్కూలువాళ్ళు ఆమెకు వీసా ఇప్పించి పిలిపించుకున్నారు. ఆమె వెనక నాన్న, నేను వెళ్ళాం. నాన్న వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అనంతపురం వైపు వేరుశనగ పండించిన మనిషి, ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. మా అదృష్టం ఏమిటంటే, అద్దెకు తీసుకున్న ఇంటితోపాటు మూడెకరాల పొలం కూడా వచ్చింది. నీళ్ళు వాడకుండా వదిలేస్తే ఆ పొలానికున్న నీటి హక్కు పోతుందట. అందుకని ఇంటి యజమాని, ఏదో ఒకటి వేసి తడుపుతూ ఉండండి చాలు అన్నాడు. నాన్న మిరప వేశాడు, అలసంద వేశాడు, గట్టు వెంబడి గోంగూర వేశాడు. పండినదాంట్లో మేము తిన్నది పోగా ఊరందరికీ పంచేవాడు.

అమ్మ లెక్కలు చెప్పేది గాని నాకు చెప్పే తీరిక ఆమెకుండేది కాదు. నేనే నేర్చుకున్నాను. ఎదురుపడ్డ ప్రతిదాన్నీ లెక్కపెట్టేదాన్ని. ఊళ్ళో ఇళ్ళు ముప్పై ఒకటి, పొలాలు పన్నెండు, కాలువ ఒకటి. నదిలోంచి చీల్చిన ఆ మట్టి కాలువను ఊరివాళ్ళ తాతల తాతలు పారలతో తవ్వారు. వాన పడితే పడినట్టు, లేకపోతే లేదు. చుట్టూ ఎటు చూసినా ఇసుక, ముళ్ళపొదలు, ఎర్రని కొండలు. మధ్యలో ఆ కాలువ పొడవునా పచ్చటి పట్టీ. ఏటా మార్చిలో ప్రతి పొలం నుంచీ ఒకరు పార పట్టుకుని వచ్చి పూడిక తీయాలి. ఎవరి వంతు ఎంతో పార కర్రతో కొలిచి గీత గీసేవారు. నాన్న అక్కడికి వెళ్ళాక మొదటిసారి నవ్వడం నేను చూసింది ఆ పూడిక తీసిన రోజునే.

ఆ గీతలు గీసేది కాలువ పెద్ద. మన వైపు నీరుగంటి ఎలాగో అలాగ. ఎవరికి ఎప్పుడు నీళ్ళు తిప్పాలో, ఎప్పుడు కట్టాలో ఆయన చెప్పినట్టే. డెబ్బై దాటిన ముసలాయన, కళ్ళలో పొరలు. పన్నెండు పొలాల్లో చిట్టచివరిది ఆయనది, నాలుగెకరాలు. దాని పైది మా మూడెకరాలు. ఆయన నన్ను 'మీహా' అనేవాడు, నా బిడ్డా అని అర్థం. ఆయన మాట సగం ఇంగ్లీషు, సగం స్పానిష్. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

ఆయన పొలంలో పండే మిరపకాయ ఎర్రబడేదాకా కోయరు. ఊరందరికీ మరుసటి ఏటి విత్తనం దాంట్లోంచే. మిగతావాళ్ళంతా పచ్చిగా ఉండగానే కోసి అమ్మేస్తారు. పెద్దాయన అమ్మమ్మ కాలం నుంచి వస్తున్న విత్తనమట అది. కాయ వంకర, తోలు పలచన, కారం మాత్రం మా నాన్న నోరు కూడా మూయించేది.

ఆ ఏడు కొండల మీద మంచు తక్కువ పడి నది సన్నబడింది. పదిరోజులకొకసారి ముప్పై ఆరు గంటలే నీళ్ళు అన్నారు. అప్పటిదాకా పెద్దాయన కంటితో చూసి తిప్పేవాడు, ఎవరికీ తక్కువయ్యేది కాదు. ఇప్పుడు గడియారం పెట్టి పంచాల్సి వచ్చింది. ఒకరోజు సాయంత్రం ఆయన పొలాల జాబితా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నా కళ్ళకు గీతలు కనిపించవు మీహా. నువ్వు లెక్కల పిల్లవి. పంచిపెట్టు."

పన్నెండు పొలాలు కలిపి డెబ్బై రెండు ఎకరాలు. ముప్పై ఆరు గంటలంటే రెండు వేల నూట అరవై నిమిషాలు. ఎకరానికి సరిగ్గా ముప్పై నిమిషాలు. ఇంత అందంగా తెగిన భాగహారం నేను అంతవరకూ చూడలేదు. మొదటిరోజు ఉదయం ఆరుకు మొదటి పొలం దగ్గర మొదలైతే, పదెకరాల పై పొలానికి మూడు వందల నిమిషాలు. అలా దిగుతూ దిగుతూ రెండోరోజు మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా మాకు, నాలుగు నుంచి ఆరు దాకా పెద్దాయనకు. పెద్ద చార్టు మీద రాసి ఇచ్చాను. దాన్ని పోస్టాఫీసు గోడకు అంటించారు. పై పొలం అంకుల్ ఆ చార్టు ముందు నిలబడి ఈల వేశాడట. ఆయన స్కూలు బోర్డులో సభ్యుడు. అమ్మ వీసా పొడిగింపు ఉత్తరం మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆ ఈల సంగతి అమ్మ మా చుట్టాలందరికీ ఫోన్లో చెప్పింది.

మొదటి వంతు అయింది. రెండో వంతు అయింది. ఆ రోజుల్లోనే ఊళ్ళోవాళ్ళు మా నాన్నను ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. కొట్లో ఉప్పు కొంటుంటే కొట్టు ఆంటీ అడిగింది, నీ కింద ఎలా ఉంది అని. నాన్న ఇంగ్లీషు అప్పటికి అంతంత మాత్రం, కానీ అమెరికాలో అడుగు పెట్టగానే నేర్చుకున్న మర్యాద ఒకటుంది. ఎవరు ఎలా ఉంది అన్నా నవ్వి, ఫైన్, థాంక్యూ అనాలి. అన్నాడు. పెట్రోలు బంకు దగ్గర పై పొలం అంకుల్ ట్రక్కు ఆపి మరీ అడిగాడు.

"కింది పొలం ఎలా ఉంది?"

"ఫైన్ సార్. వెరీ ఫైన్. థాంక్యూ."

అంకుల్ కాసేపు ఏదో చెప్పబోయినట్టు చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వీళ్ళకు పలకరించడం కూడా పొలం పేరుతోనే గదా అని నాన్న ఇంటికొచ్చి మెచ్చుకున్నాడు.

మూడో వంతు నాటికి పెద్దాయన మిరపతోట రంగు మారింది. మా గట్టు మీద నిలబడితే మొత్తం కనిపిస్తుంది, నలభై సాళ్ళు. దూరపు కొసన ఉన్న సాళ్ళలో ఆకులు ముడుచుకుని వేలాడుతున్నాయి. నేను కంచె దగ్గరికి వెళ్ళి అడిగాను, తాతయ్యా, మీ చెట్లకేమైంది అని. ఎండ, అన్నాడు. మా చెట్ల మీదా అదే ఎండ గదా అన్నాను. ఆయన నవ్వి మాట మార్చాడు.

"రేపు నా వంతు నీళ్ళతోపాటు నడవాలి. కాలువ గట్టుకు ఎలుకలు బొరియలు పెట్టాయేమో చూడాలి. నా కళ్ళు పనిచేయవు. వస్తావా? గడియారం పెట్టుకుని రా."

ఎలుకలకు గడియారం ఎందుకో నాకు తోచలేదు. చేతికి వదులుగా ఉన్న నాన్న గడియారం పెట్టుకుని వెళ్ళాను.

సరిగ్గా నాలుగింటికి నాన్న మా పొలంలోకి వచ్చే నీళ్ళ చెక్క తలుపు, మేము మడవ అనేవాళ్ళం, దించేశాడు. కాలువలో నీళ్ళు ముందుకు కదిలాయి. ఎండిన కాలువలో నీళ్ళు రావడం మీరు చూశారో లేదో. నేను అదే మొదటిసారి చూడటం. పరుగెత్తుకుంటూ వస్తాయనుకున్నాను. అవి రాలేదు. ఎండుటాకులు, నురగ, చితుకులు ముందుకు తోసుకుంటూ, ఒక ముసలిమనిషి చీకటి గదిలో గోడ తడుముతూ నడిచినట్టు వచ్చాయి. నీళ్ళకు అడుగు ముందు చీమలు, సాలీళ్ళు, గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి. ప్రతి పగుల్లోకీ దిగి, అది నిండాక పైకి వచ్చి, ఇంకో పగులు దగ్గర ఆగుతున్నాయి. మా పొలానికీ ఆయన పొలానికీ మధ్య ఒక ఎండిన వాగు ఉంది. కాలువ ఆ ఇసుకను దాటి పోవాలి. అక్కడ నీళ్ళు నిజంగానే నిలబడిపోయాయి. ఇసుక తాగుతున్న చప్పుడు వినిపించింది. నాలుగు ఇరవై అయింది. నాలుగు నలభై అయింది. పెద్దాయన పార మీద గడ్డం ఆనించుకుని నిలబడ్డాడు. బొరియల సంగతి ఒక్కసారీ అడగలేదు.

ఆయన మడవ దగ్గరికి నీళ్ళు చేరేసరికి అయిదూ పది.

నేను గడియారం వైపు, నీళ్ళ వైపు, మళ్ళీ గడియారం వైపు చూశాను. కాగితం మీద నూట ఇరవై నిమిషాలు. చేతికొచ్చింది యాభై. నా చార్టులో ఒక పొలం ముగిసిన నిమిషానికే తరువాతి పొలం మొదలైపోతుంది, మధ్యలో నీళ్ళు నడవాల్సిన దారి లేదు. పట్టికలో ఆ రెండు వరుసల మధ్య దూరం ఒక గీతంతే. నాకు ఏడుపొచ్చింది. అయినా ఒక సాకు వెతికాను. పైన కట్టేశాక కాలువలో మిగిలిన నీళ్ళు కూడా మీకే గదా వస్తాయి, వాటితో సరిపోతుందేమో అన్నాను. సరే ఉండి చూద్దాం అన్నాడు. ఆరింటికి పైన కట్టేశారు. కొంతసేపటికి కాలువలో మట్టం జానెడు దిగింది. నీళ్ళున్నాయి గాని మడవ గడప ఎక్కి పొలంలోకి రావడం లేదు. రావాల్సినవి దారిలోనే వాగు ఇసుకలో ఇంకిపోయాయి.

"ముందే ఎందుకు చెప్పలేదు తాతయ్యా?"

"నేను చెప్పకూడదు," అన్నాడు. ఎందుకని అడిగితే, పార భుజాన వేసుకుని, "కూడికలు బాగా చేశావు మీహా. అందులో తప్పేం లేదు," అని మాత్రం చెప్పి ఇంటి దారి పట్టాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నేను విషయం చెప్పాను. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఆ టేబుల్ నువ్వు వేశావని ఊరందరికీ తెలుసు. ఇప్పుడు తప్పంటే అందరి టైమ్ కట్ చేయాలి. అందరికంటే ఎక్కువ పోయేది పై పొలం ఆయనకి. ఈ నెలలోనే నా ఎక్స్‌టెన్షన్ లెటర్ సైన్ చేయాలి ఆయన. తెలిసే మాట్లాడుతున్నావా?"

"ఆ పెద్దాయనే ఏమీ అనలేదు గదా పాపా," అన్నాడు నాన్న. "కాలువకు పెద్ద ఆయన. ఒక్క మాటంటే అయిపోతాది. వచ్చి ఏడాది కాలేదు, మనమేల పోయి చెప్పల్ల?"

"ఆయన చెప్పకూడదంట నాన్నా."

"చెప్పకూడదా? అదేం మాట?"

"తెలీదు."

నాన్న ఇక తినలేదు. లేచి గట్టు మీదికి వెళ్ళి కింది తోట వైపు చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చి అమ్మతో మెల్లగా అన్నాడు, "ఎండకు ముడుచుకున్న ఆకు పొద్దు దిగితే విప్పుకోవల్ల. అది విప్పుకోలేదు. ఇంకో వంతు ఇట్లే పోతే విత్తనం గూడా మిగలదు." ఆ మాటలో లెక్క అమ్మకూ అర్థమైంది. ఆ విత్తనం ఆయన ఒక్కడిది కాదు.

శనివారం ఉదయం స్కూలు కెఫెటేరియాలో కాలువ మీటింగు. నీళ్ళు తక్కువైన ఏడు మాత్రమే నెలకొకసారి జరుగుతుంది. పోయిన నెల నాన్నకు డ్రైవింగ్ టెస్టు ఉండి వెళ్ళలేదు. ఈసారి ముగ్గురం వెళ్ళాం. జేబులో చెమటకు తడిసిన కాగితం మీద నా కొత్త లెక్క ఉంది. ముందురోజంతా కాలువ పొడవునా నడిచి, పై పదిమందిని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి నీళ్ళు ఎంతసేపట్లో వస్తాయని అడిగి రాసుకున్నాను. అడిగిన ప్రతివాళ్ళూ ఎంతో ఓపికగా చెప్పారు. ఇంత ఓపిక దేనికో నాకప్పుడు తెలియలేదు.

మీటింగు మొదలవగానే పెద్దాయన లేచి పై పొలం అంకుల్ వైపు తిరిగాడు. "నీ కింద ఎలా ఉంది?" అంకుల్ లేచి, తన కింది పొలం గట్టు ఒకచోట కారుతోందని, మిగతాది బాగుందని చెప్పి కూర్చున్నాడు. తరువాత రెండో పొలం ఆమెను అడిగాడు. ఆమె మూడో పొలం గురించి చెప్పింది. మూడో ఆయన నాలుగో పొలం గురించి. ఒక్కరూ తమ పొలం మాట ఎత్తలేదు. నాన్న వైపు చూశాను. ఆయన ముఖం చూస్తే ఆయనకూ అర్థమైపోయిందని తెలిసింది. కొట్టు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర తను నవ్వుతూ ఏం సాక్ష్యం చెప్పి వచ్చాడో ఆయన లెక్కపెట్టుకుంటున్నాడు.

పదకొండో పొలం మాది. పెద్దాయన అడిగాడు, "నీ కింద ఎలా ఉంది?"

నాన్న లేచాడు.

"నాట్ ఫైన్," అన్నాడు. "సార్, నాట్ ఫైన్. మై డాటర్ విల్ టెల్."

నేను లేచి చెప్పాను. చార్టు వేసింది నేనేనని, నీళ్ళు నడిచే దారిని లెక్కలో వేయలేదని, కింది పొలానికి నూట ఇరవై బదులు యాభై నిమిషాలే అందుతున్నాయని. దారిలో పోయే సమయమంతా కలిపితే నూట నలభై నాలుగు నిమిషాలు, అందులో డెబ్బై ఆ ఒక్క వాగు దగ్గరే. అది అందరి మీదా సమానంగా తీసేస్తే మిగిలేది రెండు వేల పదహారు, ఎకరానికి ఇరవై ఎనిమిది. ఎకరానికి రెండు నిమిషాలు వదులుకుంటే చాలు. పెద్దాయనకు నూట పన్నెండు వస్తాయి. పై పొలానికి మూడు వందలు పోయి రెండు వందల ఎనభై అవుతుంది. ఆ ముక్క చెప్పేటప్పుడు అమ్మ వైపు చూడలేదు. మా పొలానికి తేడా సున్నా. తొంభైలో ఆరు దారిలో పోతున్నాయి కాబట్టి అప్పుడూ ఎనభై నాలుగే, ఇప్పుడూ ఎనభై నాలుగే. మాకు ఏమీ తెలియకపోవడానికి కారణం అదే.

పై పొలం అంకుల్ లేచాడు.

"ఇరవై నిమిషాలే కదా, తీసుకోండి," అన్నాడు. తరువాత నాన్న వైపు తిరిగి, "మూడు వారాల నుంచి అడుగుతున్నానయ్యా నిన్ను. పెట్రోలు అవసరం లేకపోయినా బంకుకు వచ్చాను. ఫైన్ అంటావు, వెరీ ఫైన్ అంటావు. ఇంకొకసారి వెరీ ఫైన్ అని ఉంటే నేను ఊరు వదిలి వెళ్ళిపోయేవాణ్ణి."

అందరూ నవ్వారు. నాన్న తల వంచుకుని నవ్వాడు. కొట్టు ఆంటీ పెద్దాయన వైపు వేలు చూపించి, "ఈయన మాత్రం తొండి చేశాడు. పిల్లను కాలువ వెంట తిప్పాడు, నేను చూశాను," అంది.

"ఎలుకల కోసం," అన్నాడు పెద్దాయన, నేల చూపులు చూస్తూ.

ఆ తరువాత కాఫీ తాగుతూ కొట్టు ఆంటీ మాకు ఆ ఊరి కథ చెప్పింది. ఊరు కట్టిన కొత్తలో కాలువ పెద్ద ఎప్పుడూ పై పొలంవాడే. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకునేవారు, గొంతు పెద్దదైనవాడికి నీళ్ళు ఎక్కువ. చివరి పొలాలు ఇసుకపాలయ్యాయి, ఆ కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. పైవాళ్ళు మొదట సంతోషించారట, తమకు మిగిలింది కదా అని. మార్చి వచ్చేసరికి పూడిక తీయడానికి పారలు సగమే ఉన్నాయి. కాలువ పూడింది. పై పొలానికీ నీళ్ళు రాలేదు. మిగిలినవాళ్ళు కూర్చుని రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. కాలువ పెద్ద చివరి పొలంవాడే కావాలి. తన పొలం సంగతి ఎవరూ చెప్పుకోకూడదు, పైవాడు చూసి చెప్పాలి. చూడమని పైవాణ్ణి అడగవచ్చు గాని, ఏం చెప్పాలో అందించకూడదు. ఇంతకాలంలో ఆ కట్టుబాటు తెలియని కుటుంబం ఊళ్ళోకి వచ్చింది మేమేనట. తెలియనివాళ్ళు ఉంటారని వాళ్ళకూ తోచలేదు.

అమ్మ ఉత్తరం మీద అంకుల్ సోమవారమే సంతకం పెట్టాడు. అంత భయపడినందుకు అమ్మ ఆయనకు ఒక సీసా గోంగూర పచ్చడి పంపింది, కారణం చెప్పకుండా.

కొత్త చార్టుతో మూడు వంతులు పారాయి. పెద్దాయన తోటలో నలభై సాళ్ళలో ఇరవై ఆరు నిలబడ్డాయి. శరత్కాలంలో కాయలు ఎర్రబడ్డాక ఆయన విత్తనం తీసి పన్నెండు పొట్లాలు కట్టి, మొదటిది మా నాన్న చేతిలో పెట్టాడు. అది ఊరికి సరిపోయింది. నేను మాత్రం ఎండిపోయిన పద్నాలుగు సాళ్ళ మధ్య ఒకసారి నడిచి చూశాను. ఆయన నన్ను వద్దనలేదు, రమ్మనలేదు. మడవ దగ్గర పార కడుక్కుంటూ ఉండిపోయాడు.

తరువాత మూడేళ్ళకు మేము వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్ అనే ఊరికి వచ్చేశాం. పెద్దాయన పోయారని, ఆయన పొలం తీసుకున్న మనవరాలే ఇప్పుడు కాలువ పెద్ద అని కొట్టు ఆంటీ ఫోన్లో చెప్పింది. నాకు లెక్కల్లో డిగ్రీ ఏదీ లేదు. అయినా ఇక్కడి స్కూలు బస్సుల వేళలు వేసే పని నన్ను వెతుక్కుంటూ వచ్చింది, పదమూడేళ్ళుగా అదే చేస్తున్నాను. పట్టిక ఏదైనా నేను కింది వరుస నుంచి పైకి రాస్తాను. చివరి స్టాపులో నిలబడే పిల్ల బస్సెక్కే నిమిషం ముందు రాసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కడతాను. స్కూళ్ళు తెరిచిన మొదటి వారం డ్రైవర్లందరికీ ఫోన్ చేసి, చివరి స్టాపు దగ్గర ఎలా ఉందని అడుగుతాను. ఎవరైనా ఫైన్ అంటే, మరుసటి రోజు పొద్దున నాన్న గడియారం పెట్టుకుని ఆ బస్సెక్కుతాను.